గుమ్మానికి అవతల అత్తమ్మ

విజయనగరంలో అత్తమ్మ పోయారు. మొన్న పొద్దున్న మా వయొలిన్ మేష్టారి అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. "నిద్రలోనే వెళ్ళిపోయింది. పెరటి గదిలో. కాఫీ పట్టికెళ్తే పలకలేదు," అన్నాడు. తొంభై దాటిన మనిషి, బాధపడకుండా వెళ్ళారు, ఏడవాల్సిన పని లేదని అతను నాకు నచ్చజెప్పాడు. నేను ఏడ్చాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఆవిడ లెక్కలో నేను ఏమవుతానో చాలాకాలం ఇద్దరికీ తేలలేదు. అయినా ఆవిడ గురించి ఎవరో ఒకరు రాయాలి. రాసేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

నేను మారిషస్‌లో పుట్టాను. చెరుకుతోటల్లో కూలికని మా ముత్తాతలు ఆ ఉత్తరాంధ్ర కోస్తా నుంచే ఓడెక్కారట. ఏ ఊరినుంచో మాకు తెలీదు. మా దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు నాన్న నన్ను వయొలిన్ నేర్చుకోమని విజయనగరం పంపాడు. నాతో చదివినవాళ్ళు లండన్‌కీ పారిస్‌కీ వెళ్తుంటే, నేను మా సొంతవాళ్ళ దగ్గరికి వెళ్తున్నానని మురిసిపోయాను. పరాయిదేశం వెళ్తున్నానని అనుకోనే లేదు.

మేష్టారింటి అరుగు మీద పెట్టె దించగానే ఆయన అక్కగారు బయటికి వచ్చారు. ఇంట్లో పిల్లలు ఆవిణ్ణి అత్తమ్మ అనేవారు, తర్వాత నాకూ అదే అలవాటైంది. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, ఆ వంటింట్లో ఉండిపోయిన మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "మీరేమిట్లమ్మా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. "మేం తెలుగోలమండి," అన్నాను.

లోపల పిల్లలు కిసుక్కున నవ్వారు. "అది కాదే, ఏ కులం అని," అన్నారావిడ.

నాకు నిజంగా తెలీదు. మా వీధిలో అందరం తెలుగువాళ్ళం, అంతవరకే. మేష్టారు గొంతు సవరించుకుని, "పైదేశం పిల్ల, వీధిగదిలో ఉంటుందిలే అక్కా," అన్నారు.

అలా నాకు వీధిగది దొరికింది. లోపలి గుమ్మం దాటి ఇంట్లోకి రాకూడదు. బయటి గుమ్మం దాటి వీధిలోకి వెళ్ళకూడదు, ఎందుకంటే మేష్టారు మా నాన్నకి మాటిచ్చారు, ఒంటరిగా పంపనని. మా ఊళ్ళో సైకిలెక్కి సముద్రం ఒడ్డు పొడుగునా తిరిగినదాన్ని. విజయనగరంలో కిటికీ తెరిస్తే చాలు, పిల్లలు మూగి చూసేవారు. మూసుకుంటే ఉక్క. వానలు మొదలయ్యాక ఆ గదిలో బట్టలు ఆరేవి కావు, నేను మాత్రం ఎండిపోతూ వచ్చాను. పాఠం ఉన్నంతసేపే ఊపిరి ఆడేది.

రోజూ మధ్యాహ్నం అత్తమ్మ నా విస్తరి గుమ్మానికి ఇవతల పెట్టి, తాను అవతల ద్వారబంధానికి చేరగిలబడి కూర్చునేవారు. అన్నం పైనుంచి జారవిడిచేవారు, చెయ్యి తగలకుండా. మొదట్లో నాకు ముద్ద దిగేది కాదు. ఓ రోజు విస్తరి ముందు ఏడుస్తూ కూర్చుంటే, "నా మడి నాది, నీ ఆకలి నీది. రెంటికీ తగువేమిటి? తినీ," అన్నారు. నేను తినేదాకా కదల్లేదు. నెమ్మదిగా ఆ వేళకి కబుర్లు అలవాటయ్యాయి. మీ ఊళ్ళో వానెలా వస్తుంది, పనసకాయ దొరుకుతుందా, పెళ్ళికి ముందు పిల్లని అడుగుతారా. ఇదొకటి చాలాసార్లు అడిగారు.

నా మాట వింటే ఆ ఇంట్లో నవ్వు ఆగేది కాదు. మా మామ్మ దగ్గర నేర్చుకున్న తెలుగే నాది. 'సెప్పండి' అంటే నవ్వు, 'నానొస్తన్నాను' అంటే నవ్వు. అత్తమ్మ కూచోబెట్టి 'చెప్పు' అనిపించేవారు, నాలుక దారికొచ్చేదాకా.

ఒకనాటి పొద్దున్న తోటకూర అమ్మే ఆమె అరుగు కింద గంప దించి, "ఏటమ్మా, ఇయ్యాల కూరొద్దా? లేతగున్నాది, సూడండి," అంది. నాకు ఒళ్ళు ఝల్లుమంది. అచ్చం మా మామ్మ గొంతు! కిటికీలోంచి, "ఏ ఊరు మీది?" అని అడిగాను. ఆమె నవ్వి, "మాది గరివిడి పక్కనమ్మా. నువ్వు మావోల్ల లాగే మాటాడతన్నావేటి?" అంది. అరుగు కిందే నిలబడి ఉంది. ఎండలో. మంచినీళ్ళడిగితే అత్తమ్మ చెంబుతో ఎత్తునుంచి ఆమె దోసిట్లో పోశారు.

నేను ఎవరో నాకు అప్పుడు తెలిసింది. చదువుకోడానికి వచ్చాను కాబట్టి అరుగెక్కనిచ్చారు. మా ముత్తాతలు వదిలి వెళ్ళినది ఈ అరుగు కింది చోటునే అయ్యుండాలి.

ఆ మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే పాస్‌పోర్టు సంచిలో వేసుకుని, వయొలిన్ కూడా తీసుకోకుండా స్టేషనుకి వెళ్ళిపోయాను. ఎలాగో బొంబాయి చేరి ఓడెక్కుదామని. టికెట్టిచ్చే అతను "ఎక్కడికమ్మా?" అంటే వెనక్కి తగ్గాను. ఏ గొంతుతో మాట్లాడినా నవ్వుతాడనిపించింది. వచ్చి బల్లమీద కూలబడ్డాను.

నేను సంచితో వెళ్ళడం చూశారో ఏమో, కాసేపటికి రిక్షా దిగి అత్తమ్మ వచ్చారు. జనాన్ని తప్పించుకుంటూ, భయపడుతూ, గోడవారగా. వచ్చి నా పక్కన, నన్ను ఆనుకునే కూర్చున్నారు.

"నిన్ను ఆపడానికి రాలేదు," అన్నారు. "వెళ్తానంటే వెళ్ళు. నీకు ఓడుంది, నాన్న ఉన్నాడు. నాకు ఈ స్టేషనెక్కడుందో కూడా తెలీదు, రిక్షా అతనే తెచ్చాడు. ఈ ఊళ్ళోనే పుట్టాను, చూడు."

ఏదో గూడ్సుబండి వెళ్ళింది. అది పూర్తిగా పోయేదాకా ఆవిడ చిన్నపిల్లలా చూశారు.

"వెళ్ళేముందు నన్నొకసారి ముఖలింగం గుడికి తీసికెళ్తావుటే? తమ్ముడు తీసికెళ్తానంటూనే ఉన్నాడు. వాడికి పాఠాలు, నాకు వంట. నువ్వు సముద్రాలు దాటొచ్చావు. వంశధార దాకా తీసికెళ్ళలేవా?"

ఇద్దరం ఇంటికొచ్చాం. మేష్టారు విని, "ఆడవాళ్ళిద్దరూ ఒంటరిగానా?" అన్నారు. "అడగటం లేదురా, చెప్తున్నాను," అన్నారావిడ.

ఆ వారంలోనే పొద్దుటి పాసింజరెక్కి ఆముదాలవలసలో దిగి, బస్సు పట్టుకున్నాం. ఏటిలో స్నానం చేసి గుళ్ళోకి వెళ్తే పూజారిగారు అత్తమ్మ పేరున పూజ చేసి, నావైపు తిరిగి, "అమ్మాయి గోత్రం?" అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న. బయటికి వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను.

"మా గోత్రమే చెప్పండి," అన్నారు అత్తమ్మ, కళ్ళు తెరవకుండానే.

ఇది చదివి, ఆ రోజుతో అంతా మారిపోయిందనుకోకండి. ఇంటికి రాగానే ఆవిడ తలస్నానం చేసి వంటింట్లోకి వెళ్ళారు. మర్నాడు విస్తరి మళ్ళీ గుమ్మానికి ఇవతలే పడింది. గోత్రం ఇచ్చిన మనిషి గుమ్మం మాత్రం ఇవ్వలేకపోయారు. నాకు కోపం వచ్చింది, చాలా రోజులుంది. కానీ నేను వెళ్ళిపోలేదు. మేష్టారితో పోట్లాడి పగటిపూట వీధిలోకి వెళ్ళే హక్కు సంపాదించుకున్నాను. అందులో అత్తమ్మ నా పక్షాన మాట్లాడారు. తోటకూర ఆమె వస్తే నేనే అరుగు దిగి పక్కన కూర్చునేదాన్ని. అది చూసి అత్తమ్మ ఓసారి అన్నారు: "మేష్టారి దగ్గర 'చెప్పు' అను, ఆవిడ దగ్గర 'సెప్పు' అను. రెండూ వచ్చినది ఈ ఇంట్లో నువ్వొక్కర్తివే." ఆ తర్వాత నా నాలుక దిద్దడం మానేశారు.

చదువు పూర్తి చేసుకుని మా దేశం వచ్చేశాను. ఇక్కడ పిల్లలకి వయొలిన్ నేర్పుతూ, తెలుగు చెబుతూ బతికాను. మధ్యలో మూడు నాలుగుసార్లు వెళ్ళి చూశాను. మేష్టారు పోయారు, ఇంట్లో కోడళ్ళొచ్చారు. గుమ్మాల పట్టింపు ఎవరికీ లేదు, నన్ను లోపల బల్ల దగ్గరే కూర్చోబెట్టేవారు. అత్తమ్మ మాత్రం పెరటి గదిలో తన వంట తానే వండుకుంటూ ఉండేవారు. మళ్ళీ ఎక్కడికైనా వెళ్దాం రమ్మంటే, "చూశానుగా," అని నవ్వేవారు. ముఖలింగం తర్వాత ఆవిడ ఊరు దాటలేదని అబ్బాయి ఫోన్లో చెప్పాడు.

ఫోన్ పెట్టేసినప్పటినుంచీ నాకు ఆ తిరుగు ప్రయాణమే కనిపిస్తోంది. బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడది. జుట్టు తీసిన తలమీద ఎప్పుడూ కొంగు బిగించి ఉండేది ఆవిడకి. బస్సు ఊరు దాటి వేగం అందుకోగానే గాలికి అది జారి భుజం మీద పడింది. వెనక సీట్లో ఎవరో గుసగుసలాడారు. నేను సర్దబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండనీవే," అన్నారు.

రెండువైపులా వరి ఊడ్చిన చేలు. ఆవిడ కళ్ళు మూసుకుని మొహం గాలికి పెట్టారు. నెరిసిన వెంట్రుకల మొలకల మీద ఎండ పడుతోంది. నా చెయ్యి ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.