వదిన దరఖాస్తు, నా స్క్రూడ్రైవరు

మూడు నెలల కోర్సు చేసినవాడికి ఉండే ధైర్యం ముప్పై ఏళ్ళు అదే పని చేసినవాడికి కూడా ఉండదని ఇప్పుడు తెలుస్తోంది గానీ, ఆ రోజుల్లో నా ధైర్యానికి హద్దే లేదు. విజయనగరంలో హార్డ్‌వేరు కోర్సు పూర్తిచేసి, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరు పెట్టుకు తిరిగేవాణ్ణి (పెన్ను కావాలంటే మాత్రం పక్కవాణ్ణి అడిగేవాణ్ణి). ఒకరోజు పొద్దున్నే శృంగవరపుకోట నుంచి అత్తయ్య ఫోను చేసింది. అత్తయ్యంటే మా మేనమామ భార్య. ఇంటి ముందుగదిలో పిండిమిల్లు నడిపేది. వెనకగదిలో వాళ్ళమ్మాయి, అంటే మా వదిన, కంప్యూటరు పెట్టుకుంది. "అల్లుడూ, ఆ పెట్టి పది నిమసాలకోసారి సచ్చి బతుకుతన్నాది. టీచరు ఉద్యోగం దరఖాస్తుకి సాయంత్రం అయిదుకి ఆకరంట. నెట్ సెంటర్లు సూస్తే గుళ్ళో సందనోత్సవం లైను లాగున్నాయి. నువ్వు బేగి రా!"

దొరికిన బస్సెక్కి వెళ్ళాను. వదిన అప్పటికే ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుంది. "ఒరే, నాలుగుసార్లు నాలుగో పేజీ దాకా నింపానురా. నాలుగుసార్లూ ఆగిపోనాది. నాన్న పేరు రాసి రాసి ఆయన మీదే ఇసుగొచ్చేసింది" అంది. నేను పెద్ద డాక్టరులా మొహం పెట్టి "వైరస్" అన్నాను. విండోస్ మళ్ళీ ఎక్కించడం మొదలెడితే, అది సగంలోనే ఆరిపోయింది. అయినా తగ్గకుండా డబ్బా విప్పి, ర్యామ్ అనే మెమరీ ముక్క బయటికి లాగి, వదిన పెన్సిలు రబ్బరుతో దాని అంచులు తళతళలాడేలా రుద్ది బిగించాను. ఈసారి విండోస్ పూర్తిగా ఎక్కింది. "చూశావా వదినా!" అని నేను మెమరీ గొప్పతనం వివరిస్తుండగా మళ్ళీ తెర నల్లబడింది. విప్పాను, రుద్దాను, బిగించాను. మళ్ళీ పది నిమిషాలు. నేను విప్పి బిగించేలోగా అది చల్లారుతోందనీ, అందుకే కాసేపు బతుకుతోందనీ తట్టలేదు. నా చేతి చలవ అనుకున్నాను.

మూడు దాటింది. వదిన తిట్టడం మానేసి గడియారం కేసి చూడ్డం మొదలెట్టింది. అప్పుడు నిజంగా భయమేసింది. నా మాట నమ్మకపోతే పొద్దున్నే ఏ నెట్ సెంటరు లైన్లోనో నిలబడి ఈపాటికి పంపేసుండేది కదా! అంతలో మోచేతుల దాకా పిండితో అత్తయ్య వచ్చి, డబ్బా మీద చెయ్యేసి, చటుక్కున తీసేసింది.

"ఓలమ్మో, కాలిపోతన్నాది! మన మిల్లు మోటారూ ఏడెక్కితే ఇలాగే ఆగిపోద్ది. దీనికి ఫేనుంటాదా?"

"అత్తా, ఇది మిల్లు మోటారు కాదు, కంప్యూటరు."

"కంప్యూటరేలే. ఫేను తిరగతన్నాదా, లేదా? ఏటి, సెప్పు!"

మూత తీసి వంగి చూశాను. ప్రాసెసరు మీది ఫ్యాను రెక్కలు, పిండీ మిరపపొడీ కలిసి గట్టిగా పట్టేయడంతో, కదలకుండా ఉన్నాయి. (అప్పటికి రెండుసార్లు విప్పాను. ఎర్రగా కనబడితే దాని రంగే అదనుకున్నాను.) తప్పు దొరికిందన్న సంబరంలో, కరెంటు తీసేసి, మిల్లు మోటారు దులిపే బ్లోయరు తెచ్చి, తలుపులు మూసున్న గదిలో ఒక్కసారి ఊదాను.

తర్వాత కాసేపు ఎవరికీ ఏమీ కనబడలేదు. ముగ్గురం తుమ్ములు, దగ్గులు, కళ్ళమ్మట ధారలు. ఆ గోల విని పక్కింటామె పరుగెత్తుకొచ్చింది. "ఎవులు పోయారమ్మా?" అని తనూ ఘొల్లుమంది. జవాబు చెప్పబోయి ముగ్గురం మళ్ళీ తుమ్మాం. దాంతో అక్కడ కనబడని మావయ్యే పోయాడని రూఢి చేసుకుని ఇంకా గట్టిగా అందుకుంది. వదిన మాత్రం కంప్యూటరు మళ్ళీ వేసి, ఓ చేత్తో చున్నీ కళ్ళకద్దుకుంటూ రెండో చేత్తో అయిదోసారి నాన్న పేరు కొట్టింది. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నాలుగో పేజీ వచ్చింది. అందరం ఊపిరి బిగబట్టాం (పీలిస్తే తుమ్మొస్తుంది మరి). అయిదో పేజీ కూడా వచ్చింది. నాలుగున్నర దాటాక దరఖాస్తు నంబరు తెర మీద పడేసరికి వదిన నవ్వలేక, తుమ్మలేక కుర్చీలోనే కూలబడింది.

ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు సాలూరు దగ్గర బళ్ళో పిల్లలు ఆమెను చూసి వణుకుతారట. ఆ సాయంత్రం అత్తయ్య పక్కింటామెతో "మా అల్లుడు సిటికెలో పట్టీసాడమ్మా" అంటుంటే, నేను ఎర్రటి కళ్ళతో గంభీరంగా తలూపాను. కనిపెట్టింది నువ్వే అత్తా అని ఈమధ్య చెబితే, ఆవిడ "ఏటోరా, నాకేటీ గురుతులేదు. నువ్వే బాగుసేసావు" అని ఇంకో గరిటె పప్పు వడ్డించింది. తలొంచుకుని కలుపుకున్నాను. ఆ సాయంత్రం అలా తలూపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.