పంపుహౌసులో ఆగిన మోటారు

మంగళవారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరే, మీ వదిన లేదురా" అన్నాడు. పొయ్యి మీద పాలు పెట్టి, గుండెలో నొప్పంటూ కూలబడిందట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. నేను ఏడ్చాను. అయినా ఆమె గురించి రాయడానికి కూర్చుని ఒక సంగతి మీ దగ్గర దాచలేను. ఆమె బతికున్నన్నాళ్లూ నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను.

ఇద్దరం శ్రీకాకుళంలో ఒకే చిన్న వర్క్‌షాపులో పనిచేశాం. నాగావళి ఒడ్డున పొలాలకు నీళ్లు తోడే మోటార్లకు అక్కడ కంట్రోల్ బోర్డులు తయారుచేస్తాం. నేను ఇంజనీరింగ్ చదివాను, ఆమెది పాలిటెక్నిక్ డిప్లొమా. ఆ ఉద్యోగం ఆమెకు ఇప్పించింది కూడా నేనే. ఏడాది తిరక్కుండానే యజమాని ఏ సందేహం వచ్చినా నన్ను దాటుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్లేవాడు. ఇంట్లో అమ్మ సంగతి సరేసరి. "నా కోడలు ముట్టుకుంటే సచ్చిన మిషనైనా లేస్తాది" అని అరసవల్లిలో మా వీధంతా చెప్పుకునేది. కొడుకు చేసేదీ అదే పనని ఆవిడకు గుర్తుండేది కాదు.

వదినకు బోర్డుతో మాట్లాడే అలవాటు ఉండేది. కొంగు బొడ్లో దోపుకుని, కరెంటు ఇచ్చే ముందు "లేమ్మా, తెల్లారింది" అనేది. అది వెలిగేది. నాకు ఒళ్లు మండేది.

ఆ బోర్డు క్షణక్షణం నీటిమట్టం కొలిచి మెమరీ కార్డులో ఫైళ్లుగా రాసుకుంటుంది. నీళ్లు తగ్గితే మోటారు కాలిపోకముందే ఆపుతుంది. ఆ ఫైళ్లు చూడాలంటే పంపుహౌసుకు వెళ్లి పెట్టె విప్పాలి. ఆఫీసు నుంచే తెచ్చుకునేలా బోర్డులోనే ఫైల్ సర్వర్, అంటే అడిగినవాళ్లకు ఫైళ్లు పంపే ప్రోగ్రాము, పెట్టమని యజమాని నాకు చెప్పాడు.

మూడు వారాలు కుస్తీ పట్టాను. ఫైళ్లు వచ్చేవి. కానీ పెద్ద ఫైలు వస్తున్నంతసేపూ బోర్డు కొలవడం మానేసేది. దాంతో ఆ పని వదిన చేతికి వెళ్లింది. నా ప్రోగ్రాము చదివి నవ్వింది.

"సర్వరుకి పెద్దపీట ఏసేసావు మరిదీ. కొలిసేది ముందు. ఖాళీ దొరికితేనే పంపేది."

బోర్డు చేసే పనుల వరుసలో సర్వర్‌ను అట్టడుగుకు దించి, ఫైలును చిన్నచిన్న ముక్కలుగా పంపించింది. నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

పంపుహౌసులో బిగించే ముందురోజు ఆ బోర్డును నా బల్ల మీద పరీక్షిస్తూ ఒక లోపం చూశాను. ఇద్దరు ఒకేసారి ఫైళ్లు అడిగితే మెమరీ చాలక బోర్డు ఆగిపోయి మళ్లీ మొదలవుతోంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. నలుగురిలో ఆమె తలదించుకుంటే చూడాలనుకున్నాను.

అలాగే జరిగింది. యజమాని ల్యాప్‌టాప్‌లో, పంపు ఆపరేటరు ఫోన్లో ఒకేసారి ఫైళ్లు తెరిచారు. బోర్డు ఆగిపోయి, దాంతో మోటారూ ఆగింది. నాట్ల కోసం వచ్చిన రైతులు గోల మొదలెట్టారు.

"ఏటమ్మా, మా మడులు ఎండబెట్టేస్తావేటి?"

వదిన గచ్చు మీద చతికిలబడి, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒకసారి ఒక్కరినే రానిచ్చేలా సర్వర్‌ను మార్చింది. అరగంటలో నీళ్లు కాలవలో పడ్డాయి.

తిరుగు ప్రయాణంలో, ఆటోలో, మెల్లగా అడిగింది. "నీకు ముందే తెలుసు కదేటి?" ముందురోజు నా కంప్యూటరు నుంచి ఒకేసారి రెండు ఫైళ్లు అడిగినట్టు, వెంటనే తాను ఆగిపోయినట్టు బోర్డు రాసుకున్నది ఆమె చూసింది. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను.

"నా మీద కోపముంటే నా మీదే సూపించు మరిదీ. ఆళ్ల నారు ఏటి సేసింది?"

మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు యజమానితో మాత్రం "లోపం ముందు పట్టింది మా మరిదేనండి" అంది. ఆయన నా భుజం తట్టాడు. నేను కాదనలేదు. ఆ మంచితనానికి కూడా కుళ్లుకున్నాను.

ఆమె పోయిన మూడోరోజు ఆ ఆపరేటరు, అయిదారుగురు రైతులు పొలంలోంచి తిన్నగా వచ్చారు. "బోర్డమ్మ ఇల్లు ఇదేనేటి బాబూ?" అని నన్నే అడిగారు. నన్ను గుర్తుపట్టలేదు. వాళ్లు పెట్టుకున్న ఆ పేరు విని, శవం లేచిన ఇంట్లో నిలబడి కూడా, నాకు కడుపు మండింది.

మోకాళ్ల దాకా బురద. లోపలికి రాకుండా అరుగు మీదే కాసేపు నిలబడి వెళ్లిపోయారు. కడుగుదామని నేను నీళ్లు తెస్తే అమ్మ బకెట్టు పక్కకు నెట్టేసింది. అరుగు నిండా మడి మట్టి అడుగులు, ఎండకు ఒక్కొక్కటే తెల్లబడుతూ ఉన్నాయి.