కిటికీ మీద దేవదూత

చర్చి సేవాయాత్ర బృందం ఏటా వచ్చి, అనాథ పిల్లల గదికి రంగులేసి, ఫోటోలు దిగి వెళ్తుంది. ఈసారి దేవదూత బొమ్మకు గోడ చాలలేదని మూసి ఉన్న కిటికీ మీద కూడా రంగు పూసేశారు. రంగు ఎండి కిటికీ బిగుసుకుపోయింది. లోపల ఆయాసం ఉన్న పాప ఆ రంగు వాసన ఘాటుకు దగ్గి దగ్గి నీలంగా మారుతోంది.

పదకొండేళ్లుగా ఆ పిల్లలకు స్నానాలు చేయిస్తున్న ఆయమ్మ కూరగాయల కత్తి తెచ్చింది.

"ఆగాగు ఆయమ్మా! ఇంకా ఫోటో తీయలేదు," అన్నాడు బృందం పెద్ద.

"పాపకి ఊపిరాడటం లేదు బాబూ."

"ప్రార్థన చేస్తున్నాంగా!"

"కళ్లు తెరిచి చెయ్యండి నాయనా, కాస్త కనిపిస్తుంది. తప్పుకో."

కత్తితో చుట్టూ గీకి, భుజంతో ఒక్క తోపు తోసింది. గాలి లోపలికొచ్చింది. దేవదూత చేయి తెగిందని ఆయన ఏడుపు మొహం పెట్టాడు. ఆయమ్మ అటు చూడలేదు. పాపను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వీపు నిమురుతూ ఊపిరి కుదుటపడేదాకా అక్కడే నిలబడింది.