చిల్లు లేని పడవ

లక్సెట్టిపేటలో నల్లా పైపులు బిగించే రాజలింగు, మిగిలిన ప్లాస్టిక్ పైపు ముక్కలను పొయ్యి సెగకు మెత్తబరచి, పీటతో అదిమి పలకలు చేస్తాడు. వాటిని కోసి, అతికించి, ఒకప్పుడు జనాన్ని గోదావరి దాటించిన పడవకు మూరెడు పొడవున నమూనా కట్టాడు. తెడ్డు చెక్కేటప్పుడు నాలుక బయటపెడతాడు. కాగిన ప్లాస్టిక్ కమురు వాసనకు భార్య శంకరవ్వ రోజూ విసుక్కునేది. నిన్న పడవను నీళ్ల టబ్బులో వదిలాడు. చుక్క నీరు లోపలికి రాలేదు. అయినా అతని ముఖం వెలగలేదు. సూది కాల్చి అడుగున పొడవబోయాడు.

"మంచిగున్నదాన్ని ఎందుకు కరాబ్ జేస్తున్నవ్?" అంది శంకరవ్వ.

"గా అసలు పడవల నీళ్లూరేటియి గదా. నువ్వు గిన్నెతోని ఎత్తిపోస్తుంటెనే నిన్ను మొదలు జూసిన."

ఆమె వంగి, అతని చెయ్యి పట్టి కొంచెం ముందుకు జరిపింది.

"గాడ గాదు. నేను కూసున్నది గీడ."