కాకి ముట్టని ఉగ్గాని

ఆదివారం బండల పాలిష్ మిషన్ల మోత ఆగితే చాలు, తాడిపత్రిలో మేము ముగ్గురం వీరులమైపోయే రోజులవి. నేను బండల యూనిట్లో కొత్తగా చేరి, చదరపు అడుగుల లెక్క ఎవరూ నేర్పకుండానే పట్టేశానని కాస్త పొగరుగా తిరిగేవాణ్ణి. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు, బెంగళూరు నుంచి ఒక ఆట తెచ్చాడు. ఒకరు కథ నడపాలి, మిగిలినవాళ్ళు తలా ఒక వీరుడై మాటలతోనే సాహసాలు చేయాలి, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. లెక్కలవాణ్ణని కథ నడిపే పని నాకు పడింది. మా అక్క మొగుడు, అంటే మా బావ, ప్రతి వారం చచ్చేవాడు. ప్రతి వారం మంత్రజలం చల్లి లేపేవాళ్ళం. "బిరీన లేపప్పా, టీ చల్లారిపోతాండాది" అనేవాడు శవం.

"సావుకు భయం లేకుంటే ఇదేం ఆటన్నా? ఇంగ నేను రాను" అన్నాడు తమ్ముడు. ఉన్నదే ముగ్గురం, వాడు మానేస్తే ఆట ముగిసినట్టే. లేచిన ప్రతిసారీ బలంలో నాలుగో వంతు పోవాలని నియమం పెట్టాను. (లెక్క ముచ్చటగానే ఉంది.) బలం తగ్గినవాడు ఇంకా తొందరగా చచ్చాడు. చివరికి బావ వీరుణ్ణి ఒక మేకపోతు కుమ్మి చంపింది.

ఆ వారమే పక్కనున్న యాడికి ఊళ్ళో మా పెద్దమామ దినాలు. విస్తరిలో ఆయనకిష్టమైనవన్నీ పెట్టినా కాకి గోడ దిగలేదు. తీరని కోరికేదో ఉందని ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటిస్తున్నారు. "నీ ఎద్దులను అమ్మంలే బావా" అని మా నాయన అనగానే కాకి వచ్చి మెతుకు ముట్టింది. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, నాకు నియమం దొరికింది. చచ్చినవాడు లేవాలంటే మూల్యం బతికున్నవాడు చెల్లించాలి!

ఆదివారం బావ ముందు వేడి బొరుగుల ఉగ్గాని పెట్టి, "నువ్వే శవం, నువ్వే కాకి. నీ వీరుడి కోరిక తమ్ముడు చెప్పగలిగితేనే ముట్టాల" అన్నాను.

"నీ కత్తి తుప్పు పట్టనీయను బావా." ముట్టలేదు. "నీ గుర్రానికి గడ్డేస్తా." బావ గుటక మింగాడు, ముట్టలేదు. ఈసారి తమ్ముడు, "మొదటి ఆటలో మీ అమ్మకు బావి తవ్వుతా సగంలో ఇడిసినావు గదా, అది నేను తవ్వుతా" అన్నాడు. బావ చెయ్యి ప్లేటు దాకా వచ్చి ఆగింది.

"మాట సాలదప్పా, నీళ్ళు సూపించు. నేను లేస్తే ఆ తవ్వే పని మల్ల నా నెత్తినే ఏస్తారు."

మానేస్తానన్నవాడు వారం వారం వచ్చి, లేని బావిని తవ్వాడు. పాచిక మీద ఆరు పడితేనే నీళ్ళన్నాను. (మా వైపు భూములకు ఆ అవకాశం ఎక్కువే.) బావ ఉగ్గానికి ఎదురుగా కూర్చుని, "తేమన్నా తగిలిందా?" అని అడిగేవాడు. ఆరు పడిన రోజు మేము వేసిన కేకలకు పక్కింటాయన పరుగెత్తుకొచ్చి, "ఎవురికప్పా బోరు పడింది?" అన్నాడు. అప్పుడు ముట్టాడు బావ ఉగ్గాని. అలా లేచిన బావ వీరుడు ఆ తర్వాత కర్రతో తట్టి చూడనిదే అడుగు వేయలేదు. మేకపోతు కనబడితే తమ్ముడే ముందు నిలబడేవాడు, ఇంకో బావి తనవల్ల కాదని.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది, ముగ్గురం తలా ఒక ఊళ్ళో ఉన్నాం. నా కాకి ముందు నిలబడి ఎవరేం మాటిస్తారో చూడాలని కుతూహలం. వాళ్ళకు కష్టం లేకుండా నా కోరిక ముందే చెప్పేశాను: ముగ్గురం కూర్చుని ఒక్క ఆదివారం ఆడాలని. "ముందు నువ్వు సావప్పా, అప్పుడు సూస్తాం" అంటాడు బావ ఫోన్లో. ఉగ్గాని మాత్రం వేడిగా పెట్టమన్నాను.