తిమ్మిరెక్కిన పెళ్లికొడుకు

పెళ్లిపీటల మీద కూర్చుని, ఎదురుగా పిల్ల తల వంచుకుని సిద్ధంగా ఉండగా, తాళి చేత పట్టుకుని ముడి వేయడం చేతకాక దిక్కులు చూసిన మగవాణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ఆ ఘనత నాదే. ఆ రోజు మేళగాళ్లు గట్టిమేళం వాయించీ వాయించీ, బుగ్గలు నొప్పిపుట్టి, సన్నాయి కిందికి దించి నా వైపు జాలిగా చూశారు. మీరు నవ్వినా నేనేమీ అనుకోను. మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో బడిపంతుల్ని. టెరిలిన్ చొక్కాలు కొత్తగా వచ్చిన రోజులు. వాన లేక చేలల్లో పని లేదు, జనమంతా అరుగుల మీదే ఉండేవారు, అందుచేత నా ఉపన్యాసాలకు శ్రోతల కరువు మాత్రం లేదు. తాయెత్తులు బూటకం, దిష్టిదారాలు దండగ అని రోజూ దంచేవాణ్ణి. బడికొచ్చిన పిల్లల మెడలో దారం కనిపిస్తే విప్పించేదాకా పాఠం మొదలుపెట్టేవాణ్ణి కాదు.

అలాంటి నేను ఒకసారి బడిపిల్లల్ని లేపాక్షికి తీసుకుపోయి, పెద్ద నంది ముందు నిలబెట్టి ఉపన్యాసం అందుకున్నాను. పక్కన నిలబడి ఒక అమ్మాయి విన్నది. విని నవ్వింది. నా పాండిత్యానికి మురిసి నవ్విందనుకున్నాను. అంతే, నా పని అయిపోయింది. వాకబు చేస్తే పేరు సుభద్ర అనీ, కుందుర్పి ఓబిరెడ్డి కూతురనీ తెలిసింది. మా నాయన కబురు పంపించాడు. ఓబిరెడ్డి అవుననడు, కాదనడు. నాకు అన్నం సయించలేదు.

ఊరూరూ తిరిగి పెళ్లిళ్లకు పరుపులు కుట్టే ఖాసిం మామ తాయెత్తులు కూడా కడతాడు. ఎవరూ చూడకుండా ఆయన దగ్గరికి పోయాను.

"నీకు తాయెత్తా పంతులూ? మొన్ననే కదప్పా మా పిలగానిది తీసి పారేయమంటివి!"

"అది పాఠం మామా. ఇది నా పెండ్లి."

ఆయన గడ్డం నిమురుకుని, నల్లదారానికి రేకుబిళ్ల ఎక్కించి ఇచ్చాడు. "కుడి రెట్టకు, మోచేతికి పైన కట్టుకో. మూడు ముళ్లు పడేదాకా తీయొద్దు. జారనీయొద్దు. తెలిసిందా?"

తెలిసిందన్నాను. మీరు కూడా ఒక ముక్క గుర్తుపెట్టుకోండి. ఆయన జారనీయొద్దన్నాడు, బిగించమనలేదు. పళ్లతో ఒక కొస పట్టుకుని, ఎద్దుకు పలుపు వేసినట్టు లాగి కట్టింది నేనే. ఆ వారంలోనే ఓబిరెడ్డి సరేనన్నాడు! ఇక చెప్పాలా? మర్నాటి నుంచి ఎండాకాలంలో కూడా పొడుగుచేతుల టెరిలిన్ చొక్కా తొడుక్కుని, తాయెత్తులు బూటకమని ఇంకా గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.

కొన్నాళ్లకు నల్లబల్ల మీద రాస్తుంటే సుద్దముక్క జారిపోయింది. వేళ్లకు చీమలు పాకినట్టు జిమజిమ. తర్వాత అదీ లేదు, వేళ్లు నావి కానట్టే ఉన్నాయి.

"చన్నీళ్లు పోసుకుంటాండావు, అందుకే," అంది అమ్మ.

"చన్నీళ్లు కాదు. ఇత్తనాలకని శనక్కాయలు వలిచినాడు కదా, దానికి వేళ్లు పడిపోయినాయి," అన్నాడు నాయన.

"మీరూ వలిచినారు కదా నాయనా, మీ వేళ్లు బాగానే ఉండాయే?"

"నావి రైతు వేళ్లురా. నీవి సుద్దముక్క పట్టుకునే వేళ్లు."

అమ్మ నువ్వులనూనెలో వెల్లుల్లి కాచి మోచేతి దాకా రుద్దింది. నాయన ఉప్పుమూట వేడి చేసి కాపడం పెట్టాడు. ఉలవకట్టు తాగించారు, వంకాయ మాన్పించారు. మోచేతికి పైన ఏముందో మాత్రం ఎవరినీ చూడనివ్వలేదు.

చివరికి ముదిగుబ్బలో డాక్టరు దగ్గరికి పోయాను.

"తిమ్మిరికి కారణాలు శానా ఉంటాయప్పా," అన్నాడాయన. "చేయి తలకింద పెట్టుకొని పండుకున్నా వస్తాది. రక్తం తక్కువైనా వస్తాది. చక్కెరజబ్బుకూ వస్తాది. మెడకాడ నరం నొక్కుకుపోయినా వస్తాది. చొక్కా ఇప్పు, సూస్తా."

"చొక్కా వద్దు సార్. చలి."

"ఈ ఎండల్లో చలా?" ఆయన నా నోట్లో జ్వరం గొట్టం పెట్టి చూశాడు. జ్వరం లేదు. నాకంటే ఆయనకే ఎక్కువ అయోమయంగా ఉంది. "చేతికి ఏమన్నా బిగుతుగా కట్టుకుంటాండావా? గడియారం గిడియారం?"

"గడియారం లేదు సార్."

అబద్ధం కాదండీ. అడిగింది గడియారం గురించే కదా! నా బుర్రకు తాయెత్తు ఒక కట్టులాగా తోచనే లేదు. అది నా పెళ్లిని కాపాడుతున్న వస్తువు. దానికీ తిమ్మిరికీ సంబంధం ఏముంటుంది? ఆయన టానిక్కు రాసిచ్చాడు. తాగాను, తియ్యగా ఉంది.

ఇంతలో ఊళ్లో గుసగుస బయలుదేరింది. పంతులు చేతికి స్పర్శ లేదంట, పెద్దరోగమేమో, కుష్టేమో అని. ఇక్కడ మాత్రం నేను నవ్వించడానికి చెప్పడం లేదు. నిజంగా భయపడ్డాను. రోగానికి ఎంత భయపడ్డానో, సుభద్ర దక్కదేమోనని అంతకు రెండింతలు భయపడ్డాను. భయం వేసినప్పుడల్లా ఏం చేశానంటారా? తాయెత్తు జారిందేమోనని ఇంకాస్త బిగించాను. బిగించినకొద్దీ తిమ్మిరి, తిమ్మిరెక్కినకొద్దీ భయం, భయపడినకొద్దీ బిగింపు. గానుగెద్దయినా సాయంత్రానికి ఆగుతుంది, నేను ఆగలేదు.

గుసగుస కుందుర్పి దాకా పోయింది. ఓబిరెడ్డి స్వయంగా దిగాడు. అమ్మ ఇత్తడి గ్లాసుల్లో పొగలు కక్కే కాఫీ ఇచ్చింది. ఆయన కండువాతో పట్టుకున్నాడు, నాయన కింద పెట్టేశాడు. నేను ఒట్టి చేత్తో పట్టుకుని, ఎక్కడి వానల సంగతో చెబుతూ కూర్చున్నాను. ఓబిరెడ్డి నా చేతినీ నా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమప్పా, కాలడంల్యా?"

నాయన అందుకున్నాడు. "మావోడు చిన్నప్పటి నుంచి అంతే ఓబిరెడ్డీ. ఓర్పు ఎక్కువ."

"మా పిల్లతో ఏగాలంటే అంత ఓర్పూ కావల్లలే," అని ఆయన తృప్తిగా తలాడించి వెళ్లిపోయాడు. తాయెత్తు మహిమే అనుకున్నాను. ఇంకాస్త బిగించాను.

ఇక పెళ్లి. నలుగు పెట్టేటప్పుడు చొక్కా విప్పనని మొండికేస్తే, పంతులుకు సిగ్గు జాస్తి అనుకుని చొక్కా మీదే నూనె రాశారు. పట్టుజుబ్బా వేసుకుని పీటలెక్కాను. అయ్యవారు మంత్రం చదివి తాళి అందించాడు. గట్టిమేళం మోగింది. సుభద్ర మెడ వెనక్కి చేతులు పోనిచ్చాను. ఎడమచేయి వచ్చింది. కుడిచేతి వేళ్లు రాలేదు. తాడు ఉందో లేదో కూడా వాటికి తెలియడం లేదు.

"ముడెయ్యి నాయనా," అన్నాడు అయ్యవారు.

"వేస్తాండా స్వామీ."

"యాడ వేస్తాండావు? తాడు కింద పడె!"

చేతులు ఇంకా పైకెత్తాను. జుబ్బా చేయి జర్రున భుజం దాకా జారింది. కండలో పూడుకుపోయిన నల్లదారం, దాని కింద నేరేడుపండు రంగు చేయి, పందిరంతా చూసింది. ముందు వరసలో నా బడిపిల్లలు కూడా ఉన్నారు.

"ఏందిరా అది!" అని ఓబిరెడ్డి తాంబూలం పళ్లెంలోని అడకత్తెర అందుకుని నా మీదికి వచ్చాడు. నేను పీటల మీదే వెనక్కి జరిగి, ఊరంతా వినేట్టు అరిచాను.

"తీయొద్దు మామా! మూడు ముళ్లు పడేదాకా తీయొద్దన్నాడు ఖాసిం మామ!"

"అది తీయకపోతే ముళ్లు యాడ పడతాయిరా?"

ఓబిరెడ్డి పుటుక్కున కత్తిరించేశాడు. ఆగిపోయిన రక్తం ఒక్కసారిగా దూకింది. వేలు వేలుకూ కందిరీగలు కుట్టినట్టయి, ఒకపక్క కేకలు పెడుతూ, ఒకపక్క చక్కిలిగిలికి నవ్వుతూ, ఎలాగో మూడు ముళ్లు వేశాను. అయ్యవారు అక్షింతలు వేయడం మరిచిపోయి నా చేయి రుద్దాడు.

భోజనాలయ్యాక వరండాలో పక్కపక్కన కూర్చోబెట్టారు. సుభద్ర మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఆ తాయెత్తు ఖాసిం మామదేనా?"

"ఊఁ. ఈ పెండ్లి కుదరల్లని కట్టుకుంటి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంటికి పరుపులు కుట్టను వచ్చినప్పుడు నేనూ ఒకటి అడిగి తీసుకుంటి. ఈ పెండ్లి తప్పిపోవల్లని."

"ఎందుకు?"

"లేపాక్షిలో మీ ఉపన్యాసం విన్న్యా కదా."

కుడిచేయి రుద్దుకుంటూ అడిగాను. "మరి అది ఏమాయె?"

"వదులుగా కట్టుకుంటి. బాయికాడ జారిపాయ."

తాయెత్తులు బూటకమా, కాదా? బిగించబట్టే నేను గెలిచానా, లేక బిగించబట్టే ఓడిపోబోయానా? ఇన్నేళ్లయినా నాకు అంతు చిక్కలేదు. అందుకని ఆ రోజే, ఆ వరండాలోనే, నొప్పి పుడుతున్న కుడిచేయి పైకెత్తి ప్రమాణం చేశాను: ఈ జన్మలో మోచేతికి పైన దారం కట్టను, సుభద్ర వినేట్టు ఉపన్యాసం ఇవ్వను. మొదటిది ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.