నాలుగో పొగగొట్టం

మా ఊరు నగరిలో మా నాయనను అందరూ ‘ఎండన్న’ అనే పిలుస్తారు. ఆయన కోపం నడివేసవి ఎండ కాబట్టి ఆ పేరు వచ్చిందని అమ్మ చెప్పేది. ఆయన మగ్గం దిగి వీధిలోకి వస్తే పిల్లలం గోడ నీడకు చేరేవాళ్లం. అందుకే నాకెప్పుడూ అనుమానం రాలేదు.

మొన్న కంటి ఆపరేషన్‌కు ఆయన్ని తిరుపతి ఆసుపత్రిలో చేర్పించాను. రెండేళ్లుగా తెగిన పోగు కనబడక చేత్తో తడుముకుని ముడి వేస్తున్నాడు. తీరా సంతకం పెట్టమని కాగితం ఇస్తే నర్సు మీద విరుచుకుపడ్డాడు.

“నా కంట్లో కత్తి పెడతావా? సంతకం లేదు, గింతకం లేదు. పాపా, బస్సుకు పోదాం పా.”

ఇవాళ తప్పితే మళ్లీ రెండు నెలల తర్వాతేనట. నర్సు ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

పక్క మంచం మీది తమిళ పెద్దాయన నవ్వాడు. “మీ నాయన అచ్చం ఎమ్డెన్ మాదిరే ఉండాడమ్మా.”

“ఎండన్నా? ఈయన పేరు మీకెట్ల తెలుసు?”

“పేరేంది, అది ఓడ గదమ్మా. మద్రాసు మీద గుండ్లేసి పోయిన జర్మనీ ఓడ. గదమాయించేవాళ్లను మా పక్క అట్లే అంటాం.”

యాభై ఏళ్లుగా నేను ఎండ అనుకున్నది ఓడ. నాయనకూ అది కొత్తే, అరవడం మానేశాడు.

“ఆ ఓడ ఏం చేసిందో సూడు,” అన్నాడు.

ఫోన్‌లో వెతికి చదివాను. మొదటి ప్రపంచయుద్ధంలో బంగాళాఖాతానికి ఒంటరిగా వచ్చి సరుకు ఓడల్ని పట్టుకుందట, మద్రాసు చమురు ట్యాంకుల్ని తగలబెట్టిందట. నాయన మీసం సవరించుకున్నాడు. ఆ ఓడకున్నవి మూడే పొగగొట్టాలు. ఇంగ్లీషు ఓడలా కనబడాలని నాలుగోది గుడ్డతో చేసి నిలబెట్టారట.

“గుడ్డా? ఎన్ని గజాలు?”

“అది రాయలేదు నాయనా.”

“ముఖ్యమైంది రాయరు. కడకు ఏమైనాది?”

చెప్పడానికి జంకాను. “ఆస్ట్రేలియా ఓడ గుండ్లకు తూట్లు పడి, ఒక దీవి ఒడ్డుకెక్కి ఆగిపోయింది.”

కాసేపు కాగితాన్ని వేళ్లతో తడిమాడు. పక్కాయనకు వినబడకుండా నా వైపు వంగాడు. “నాకు భయంగా ఉండాది పాపా. ఇన్నాళ్లూ నేను అరిచినాను సూడు, అదంతా ఆ గుడ్డ గొట్టమే.”

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పట్టి చూపించాను. పెట్టాడు. వెంటనే నర్సును చూసి “ఇంకా ఎంతసేపు కాయాల?” అని వార్డంతా అదిరేలా అరిచాడు.

ఈసారి నేను నీడకు పోలేదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.